అంటు కట్టిన చదువు

“ఐ ఈక్వల్ టు ఐ ప్లస్ వన్” అని బోర్డు మీద రాసి కృష్ణకాంత్ మాస్టారు తరగతి వైపు తిరిగాడు. “ఇదేంటో ఎవరన్నా చెప్పగలరా?”

ఇందుమతి లేచి నిలబడింది. డిగ్రీలో చేరి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. ఇంటర్ దాకా లెక్కల్లో ఆమెను మించినవాళ్లు లేరు. ఆ ధైర్యంతోనే చెప్పింది.

“అది తప్పండి. రెండు పక్కలా ఐ కొట్టేస్తే సున్నా, ఒకటీ సమానం అయిపోద్దండి.”

తరగతి గొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. “లెక్కల్లో నీ మాట నిజమేనమ్మా. ఇక్కడ మాత్రం అది సమానం గుర్తు కాదు, ‘పెట్టు’ అని చెప్పడం. ఐ అనేది ఒక డబ్బా అనుకో. అందులో ఉన్నదానికి ఒకటి కలిపి మళ్లీ అదే డబ్బాలో పెట్టు అంటున్నాం. కొత్తది పడగానే పాతది పోతుంది.”

ఇందుమతి తల ఊపి కూర్చుంది. చెవుల్లో నవ్వులే మోగుతుంటే ఆ మాటల్లో ఒక్కటీ లోపలికి దిగలేదు.

మధ్యాహ్నం ల్యాబులో ఇంకో అవమానం. ఒకటి నుంచి పది దాకా అంకెలు తెర మీద పడాలి. ఐ పది దాటనంతవరకు ఐ ని చూపిస్తూ ఉండు అని లూపు రాసింది గానీ, పొద్దున తనను నవ్వులపాలు చేసిన ఆ ఒక్క వాక్యం రాయడానికి ఆమెకు చేతులు రాలేదు. మీట నొక్కగానే ఒకటి, ఒకటి, ఒకటి అంటూ తెర నిండిపోయింది. ఐ పెరిగితే కదా పదికి చేరేది, చేరితే కదా ఆగేది. ఆపడం ఎలాగో తెలియక ఆమె మీటలన్నీ నొక్కింది. వెనక బల్ల కుర్రాడు “నాన్‌స్టాప్ బస్సు రా” అన్నాడు. సాయంత్రానికి ఆ పేరు కాలేజీ గేటు దాకా పాకింది.

ఆమె ఇల్లు కాకినాడ జగన్నాథపురంలో. తండ్రి సూర్రావుకు రేవులో బార్జీ మీద పని. సముద్రంలో లంగరేసిన ఓడలకు సరుకు మోస్తూ ఒక్కోసారి రోజుల తరబడి ఇంటికి రాడు. తల్లి పోయి చాలాకాలమైంది. ఇంట్లో ఉండేది అక్క సత్యవేణి. పుట్టు చెవుడు. వీధి గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. బడిలో నిలవలేదు. అంకెలు, కుట్టించుకునేవాళ్ల పేర్లు తప్ప రాయడం రాదు.

కానీ మాటకారితనంలో సత్యవేణి తర్వాతే ఎవరైనా. ఆ మాటలన్నీ చేతులతో. బళ్లలో నేర్పే సైగల భాష కాదది. కూతురు పలకదని తెలిసిన రోజు నుంచి తల్లి ఒక్కొక్క మాటా కూర్చుకుంటూ వచ్చింది. దానికి ఈ ఇంట్లోనే నిన్న, రేపు వచ్చాయి. కానీ, అయితే, ఒకవేళ వచ్చాయి. ఎత్తిపొడుపులు, తిట్లు, సామెతలు వచ్చాయి. ఇందుమతి నోటితో మాట్లాడటం కంటే ముందు ఆ చేతులతోనే పాలు అడిగింది. తండ్రికి మాత్రం తిండి, నీళ్లు, వస్తాను, వెళ్తాను లాంటివి నాలుగు ముక్కలే వచ్చు.

ఆ సాయంత్రం ఇందుమతి గుమ్మంలో అడుగు పెట్టగానే సత్యవేణి మిషను ఆపింది. ఎవరు ఏమన్నారు, అని చేతులు అడిగాయి. ఇందుమతి చెప్పింది. నాన్‌స్టాప్ బస్సు అన్నచోట అక్క నవ్వు ఆపుకోలేక, చక్రం తిప్పుతూ, బ్రేకు దొరక్క కాళ్లతో నేల తడుముతున్న డ్రైవరును చేసి చూపించింది. ఇందుమతి ఏడుపులోనే నవ్వింది. పోనీలే, నేను మొదట కుట్టిన జాకెట్టుకి రెండు చేతులూ కుడివే వచ్చాయి, అంది అక్క.

అంతటి అక్క గురించి ఇందుమతి కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో తరగతిలో బజారులో వీళ్లిద్దరూ మాట్లాడుకోవడం చూసిన ఒక పిల్ల, మర్నాడు బళ్లో చేతులు తిప్పుతూ, మూతి వంకర్లు పోతూ అందరికీ ఆడి చూపించింది. అప్పటి నుంచి వీధిలో అక్క పలకరిస్తే ఇందుమతి చేతులు చున్నీ కింద దాచుకునేది.

*

సముద్రం ఒడ్డున కొత్తగా పరిశోధన కేంద్రం ఒకటి వచ్చింది. అక్కడి డాక్టర్ యశోధర కాలేజీ వాళ్లను అడిగింది: ప్రోగ్రామింగ్ అసలు పట్టుబడని మొదటి సంవత్సరం పిల్లలు కావాలి. కృష్ణకాంత్ మాస్టారు ఇందుమతిని పక్కకు పిలిచాడు. “నీ పేరిస్తున్నానమ్మా. ఇష్టమైతేనే సుమా.” మంచికే అన్నాడు. కానీ అసలు పట్టుబడని వాళ్లు అనగానే ఆయనకు తనే గుర్తొచ్చింది కదా అని ఇందుమతికి ముఖం చెల్లలేదు.

యశోధర నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. బల్ల మీద వెంట్రుకల్లాంటి తీగలున్న మెత్తటి టోపీ ఒకటుంది.

“దీన్ని మేం అంటు అంటాం. మామిడికి కడతారు చూశావా? వేరు ఎక్కడిదో నాటుది, కొమ్మ బంగినపల్లిది. మెదడులో కూడా అంతే. బాగా ఊరిన ఒక నేర్పు మీద కొత్త నేర్పు కడితే తొందరగా అందుకుంటుంది. ఏళ్లు పట్టేది కొన్ని వారాల్లో వస్తుంది.”

“మరి ఆ పాత నేర్పు ఏమవుద్దండి?”

“పోతుంది. అందుకే వాడకుండా వదిలేసినదాని మీద కడతాం. ఒకాయనకి ఎప్పుడో మానేసిన టైపు మీద కట్టాం. పోయిందని కూడా ఆయనకి తెలీదు. నీకు అవసరమైనవన్నీ ముందే చెప్తే వాటిచుట్టూ కంచె వేసేస్తాం. చెప్పనిది మాకు తెలీదు. కాబట్టి ఆలోచించి చెప్పు. ఇంట్లో తెలుగేనా?”

“ఆయండి.”

“ఇంకే భాషన్నా?”

ఇందుమతి ఒళ్లో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. టోపీ సరిచేస్తున్న కుర్ర టెక్నీషియన్ ఆమె వైపే చూస్తున్నాడు. చెప్తే చేసి చూపించమంటారు. అయినా అది భాషేంటి, ఇంట్లో సైగలే కదా, అనుకుంది.

“లేదండి.”

“సంగీతం, నాట్యం? చేతులతో చేసేదేదన్నా?”

“ఏం లేవండి.”

యశోధర ఒక క్షణం ఆమె ముఖంలోకి చూసి, సరేనంది.

మొదటిసారి టోపీ పెట్టినప్పుడు తల మీద చల్లటి చీమలు పాకినట్టుంది. తెర మీద ప్రోగ్రాములు నడుస్తున్నాయి. ఆమె ఊరికే చూస్తూ కూర్చుంది. ఇంకో రెండు విడతలు గడిచాక, ల్యాబులో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి కళ్లకు పొర తొలగినట్టయింది. ఐ డబ్బాలాగే కనబడింది. ఒకటి కలుపుతుంది, వెనక్కి వెళ్తుంది, పది దాటిందా అని అడుగుతుంది, లేదంటే మళ్లీ తిరుగుతుంది. ఇది నిజమైతే ఇటు, కాకపోతే అటు. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టి ఒక్కోదానికీ పేరు పెట్టి, కావాలన్నప్పుడు పిలవడం. ఆలోచన కన్నా ముందే వేళ్లు రాసేస్తున్నాయి. తరగతిలో అందరికంటే ముందు ఆమె లెక్క తెగింది. కృష్ణకాంత్ మాస్టారు ఆమె తెర ముందు నిలబడి, “శెభాష్” అన్నాడు. వెనక బల్ల కుర్రాడు లేచి వచ్చి చూసి వెళ్లాడు. ఇందుమతి తల ఎత్తుకుని ఇంటికి నడిచింది.

అక్కకు చెప్పాలని చేతులు ఎత్తింది. ఎందుకో మాట దొరకలేదు. నాలుక చివర ఉండి రానట్టు, వేళ్ల చివర ఆగిపోయింది. అలసట అనుకుంది.

*

మొదట్లో ఒక్కో మాట జారింది. తర్వాత ఒకే చూపులో అందాల్సిన వాక్యం ముక్కలు ముక్కలుగా అందింది. మూడిళ్ల అవతల ఉండే పాపాయమ్మ గారు కుట్టిన జాకెట్టు బిగుతైందని దెబ్బలాడటానికొచ్చి, తొడుక్కుని విప్పుకోలేక గదిలో ఇరుక్కుపోయిన కథ సత్యవేణి చెప్తోంది. ఇందుమతి అక్క ముఖమే చూస్తూ కూర్చుంది. నవ్వే చోటు ఇదే అయ్యుంటుందని నవ్వింది. సత్యవేణి చేతులు గాలిలో ఆగాయి. నవ్వాల్సిన సంగతి ఇంకా రాలేదు.

ఏమైంది నీకు, అని అడిగింది. ఆ ఒక్కటి ఎలాగో అర్థమైంది. ఇందుమతి తల పట్టుకుని, నొప్పి అన్నట్టు చూపించింది.

ఆ రోజు పక్క గదిలో కూర్చుని ఆమె అంతా ఆలోచించింది. కొత్తది పడగానే పాతది పోతుంది. మాస్టారు ఎప్పుడో చెప్పిన ఆ మాట అప్పటికి లోపలికి దిగింది. ఇంకా ఒక్క విడతే మిగిలింది. ఇప్పుడైనా వెళ్లి చెప్తే యశోధర ఆపేస్తుంది. మిగిలినదాని చుట్టూ కంచె వేస్తుందేమో కూడా. కానీ చెప్పాలంటే మొదట ఆడిన అబద్ధం ఒప్పుకోవాలి. పైగా ఆ వారంలోనే పరీక్ష. మళ్లీ ‘ఒకటి, ఒకటి, ఒకటి’ అని పడే తెర ముందు నిలబడటం ఆమె ఊహించుకోలేకపోయింది.

ఆఖరి విడతకు వెళ్లింది. తెలిసే వెళ్లింది.

పరీక్షలో తనదే మొదటి పేరు. ఆ పేరు నోటీసు బోర్డు మీద చూసి ఇంటికొచ్చేసరికి సత్యవేణి చేతులు కదులుతున్నాయి, ముఖం వెలుగుతోంది, ఏదో అడుగుతోంది. ఇందుమతికి అవి గాలికి ఊగే రెమ్మల్లా ఉన్నాయి. అంతే. నవ్వుతూ తల ఊపింది. ఆ తర్వాత రోజులన్నీ అలాగే ఊపింది. అక్క ఏదన్నా అడిగితే పుస్తకం తీసేది, ఫోను పట్టుకునేది, స్నానానికి వెళ్లేది. పరీక్షల ఒత్తిడి అని సత్యవేణి సరిపెట్టుకుంది. చెల్లెలికి పొద్దున్నే గుడ్డు ఉడకబెట్టి పెట్టడం మొదలుపెట్టింది.

*

ఒక ఆదివారం ఇందుమతి నిద్ర లేచేసరికి సత్యవేణి గోడకు జారగిలబడి పొట్ట పట్టుకుని కూర్చుంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. తండ్రి బార్జీ మీద ఉన్నాడు. ఇందుమతి ఆటో పిలిచి దగ్గర్లోని నర్సింగ్ హోముకు తీసుకెళ్లింది.

డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరు. “నొప్పి ఎప్పటి నుంచమ్మా?” అని సత్యవేణినే అడిగాడు.

“ఆవిడకి వినబడదండి,” అంది ఇందుమతి.

“ఓహో. మీకు సైగలు వచ్చు కదా? అడిగి చెప్పండి. ఎప్పుడు మొదలైంది, వాంతులయ్యాయా, మందేమన్నా వేసుకున్నారా.”

సత్యవేణి డాక్టరు ముఖం చూసి, చెల్లెలి వైపు తిరిగింది. ఏం అడిగారో ఆమెకు తెలుసు. ఎక్కడైనా డాక్టర్లు అడిగేవి అవే. నొప్పిని ఓర్చుకుంటూ, చెల్లెలు ఒక్కటీ జారవిడవకూడదన్నట్టు నిదానంగా చెప్పింది. రెండు వేళ్లు చూపి భుజం వెనక్కి తిప్పింది. బొడ్డు చుట్టూ చూపి కిందికి దించింది. అరచేతిలో ఏదో ఉన్నట్టు నోటికి తీసుకెళ్లింది. మళ్లీ రెండు వేళ్లు.

డాక్టరు పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. నర్సు చూస్తోంది. వరసలో ఉన్నవాళ్లూ చూస్తున్నారు. నాకు రాదండి, అనడానికి ఇందుమతి నోరు తెరిచింది. సొంత అక్క మాట రాదని ఎలా చెప్తుంది?

“పొద్దున్నుంచేనండి,” అంది. “రెండుసార్లు వాంతయిందంట. నిన్న బయట ఏదో తిన్నదండి.”

“మందులేం వాడలేదుగా?”

“లేదండి.”

సత్యవేణి ఆ పెదాల వంకే చూసి, చెల్లెలు అంతా చెప్పేసిందన్న నమ్మకంతో కళ్లు మూసుకుంది. డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. ఆమె పెద్దగా ఉలకలేదు. గ్యాసు వల్ల అయ్యుండొచ్చన్నాడు. ఇంజెక్షన్ చేసి, తగ్గకపోతే వెంటనే తీసుకురమ్మని పంపేశాడు.

దీపాలు పెట్టే వేళకు సత్యవేణి ఒళ్లు పెనంలా కాలుతోంది. పిలిస్తే కళ్లు తెరవలేదు. ఆ వీధి ఆటో అతనూ, పాపాయమ్మ గారూ సాయం పట్టి పెద్దాసుపత్రికి చేర్చారు. అప్పటికే అపెండిక్స్ పగిలి పొట్టంతా చీము పట్టింది. ఆపరేషన్ చేసి బయటికొచ్చిన డాక్టరమ్మ మాస్కు కిందికి లాక్కుంది.

“బతుకుతుంది. కానీ ఇది ఒక్కరోజు నొప్పి కాదు. రెండు రోజులుగా ఉండాలి. నొప్పి బిళ్లలు వేసుకుని ఓర్చుకున్నట్టుంది. పొద్దున్నుంచని ఎవరు చెప్పారు?”

“నేనేనండి.”

“ఆవిడ అలా చెప్పిందా?”

రెండు వేళ్లు. వెనక్కి. అరచేతిలోంచి నోటికి. అన్నీ ఇప్పుడు ఎదుటనే నిలబడ్డాయి.

“ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలీలేదండి,” అంది ఇందుమతి. “తెలిసినట్టు చెప్పాను.”

డాక్టరమ్మ ఆ మాటే కాగితం మీద రాసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాసుకోవడం తిట్టుకన్నా ఎక్కువైంది.

*

సూర్రావు వచ్చేసరికి సత్యవేణికి స్పృహ వచ్చింది. వచ్చిన మొదటి పని, ఆ కుర్ర డాక్టరును వెక్కిరించడం. కళ్లజోడు సర్దుకుంటూ, పొట్ట నొక్కి, పెదవి విరిచి చూపించింది. అంత వివరంగా చెప్తే తలకెక్కలేదా ఆ మనిషికి, అన్నట్టు నుదురు కొట్టుకుంది. ఆ మాత్రం ఇందుమతికీ అర్థమైంది. ఆమె కళ్లు నేల మీద వాలిపోయాయి.

సూర్రావుకు కోపం తన్నుకొచ్చింది. “ఆ డాక్టరుగాడి సంగతి రేపు తేలుస్తాను. రేవు కుర్రోళ్లందర్నీ తీసుకెళ్లి మరీ అడుగుతాను.”

“వద్దు నాన్నా. ఆయన తప్పేం లేదు.”

వరండాలోకి తీసుకెళ్లి అంతా చెప్పింది. టోపీ, లేదండి అన్న మాట, ఆఖరి విడత, నర్సింగ్ హోము.

“మీ అమ్మ కట్టిన మాటలవి,” అన్నాడు సూర్రావు. “నేను నేర్చుకోలేదు. నువ్వున్నావు కదా అని ధీమా. నిన్ను ఏమని తిట్టను? నా కూతురితో నేనే ఇన్నాళ్లూ అన్నం, నీళ్లు తప్ప మాట్లాడలేదు.”

లోపలికి వచ్చారు. అక్కకు చెప్పాలి. ఏ మాటలతో? ఇందుమతి తలమీద టోపీ పెట్టుకున్నట్టు చూపింది. చేతులు రెండూ తెరిచి, దులిపి, ఖాళీ అన్నట్టు చాచింది. సత్యవేణి మొదట నవ్వింది. తర్వాత ఒక సైగ చేసి చూపించి, ఏంటిది అన్నట్టు గడ్డం ఎగరేసింది. ఇందుమతి తల అడ్డంగా ఊపింది. ఇంకోటి. మళ్లీ అడ్డంగా. ఇంకోటి. సత్యవేణి ముఖంలో నవ్వు ఒక్కొక్క మెట్టే దిగింది. ఆఖరుకు రెండు వేళ్లతో ఎడమ మణికట్టు మీంచి మోచేతి దాకా మెల్లగా, ఏదో పైకి తోస్తున్నట్టు జరిపి, చెల్లెలి కళ్లలోకి చూసింది.

ఇందుమతి మళ్లీ తల అడ్డంగా ఊపింది.

“అది మీ అమ్మ,” అన్నాడు సూర్రావు వెనక నుంచి. “అంట్లు తోమే ముందు గాజులు అలా పైకి తోసుకునేది.”

సత్యవేణి గోడ వైపు తిరిగి పడుకుంది.

*

యశోధర అంతా విని కుర్చీలో వెనక్కి వాలింది. ఆమె ముఖం మీద ఒక్కసారిగా వయసు వచ్చి పడినట్టు కనిపించింది.

“అంటు కోసెయ్యండి,” అంది ఇందుమతి. “నాకీ చదువొద్దు.”

“కోస్తే ఇది పోతుందమ్మా. అది రాదు. నరికిన కొమ్మ కదా.”

“మరి అదే టోపీతో సైగలు కట్టండి.”

“కట్టాలంటే ఆ నేర్పున్న వాళ్లు కొందరైనా కావాలి. మీ అమ్మగారు లేరు. నువ్వు...” ఆగిపోయింది. “మీ అక్క ఒక్కరే. ఆవిడకి టోపీ పెట్టి చూడొచ్చు.”

“మా అక్క తల ముట్టుకోనివ్వనండి.”

యశోధర తల దించుకుంది. ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు మాట్లాడింది. “మొదటి రోజే తెరమీద చూశాను. అంత బలమైన వేరు నేనెప్పుడూ చూడలేదు. వాడకుండా వదిలేసిన నేర్పు అలా వెలగదు. ఇదెక్కడిదమ్మాయి అని అడగాలనిపించింది. అడిగితే నువ్వు చెప్పేదానివేమో. చెప్తే కంచె వెయ్యాలి, అంత మంచి వేరు వదులుకోవాలి. అందుకని అడగలేదు.”

ఆ నెలలోనే ఆమె ప్రయోగం ఆపించింది. సంగతి దాచకుండా పైవాళ్లకు చెప్పిందని, ఉద్యోగం పోయిందని కృష్ణకాంత్ మాస్టారి ద్వారా తెలిసింది. విన్న ఇందుమతికి ఊరట కలగలేదు.

చదువు మాత్రం ఆమెను వదల్లేదు. అందరూ తలలు పట్టుకునే ప్రోగ్రాములు ఆమె వేళ్ల నుంచి జాలువారేవి. ఒకరోజు వెనక బల్ల కుర్రాడే వచ్చి పక్కన కూర్చున్నాడు. వెక్కిరింత లేదు. “ఈ లూపు ఎందుకు ఆగట్లేదో చెప్పవా? నిజంగా అర్థం కావట్లేదు.” ఆమె తప్పు వెంటనే దిద్దింది. “అది కాదు, ఎందుకో చెప్పు,” అన్నాడు. ఇందుమతి నోరు తెరిచింది. ఎందుకో ఆమెకు తెలుసు. కానీ తెలియని చోటు నుంచి తెలిసిన చోటికి ఎలా నడవాలో తెలియదు. ఆ దారిన ఆమె నడవలేదు. “మాస్టారిని అడుగు,” అని లేచి వెళ్లిపోయింది.

*

ఇంటికొచ్చాక చాలా రోజులు సత్యవేణి చేతులు పలకలేదు. వంట చేసేది, కుట్టేది, చెల్లెలి కంచం చెల్లెలి ముందు పెట్టేది. తర్వాత ఒకరోజు, ఎవరి జాకెట్టుకో గుండీలు కుడుతూ, సూది ఎత్తి పట్టుకుని ఒక సైగ చేసింది. ఇందుమతి వెంటనే దాన్ని చేసి చూపింది. సత్యవేణి తల అడ్డంగా ఊపి మళ్లీ చేసింది.

అలా మొదలైంది. సూది, దారం, గుడ్డ, గిన్నె. ఎంత మొద్దు చేతులవి! మీటల మీద మెరుపులా పరిగెత్తే వేళ్లు ఇక్కడ కర్రల్లా బిగుసుకుపోయేవి. నేర్చుకున్నది మర్నాటికి పోయేది. నీళ్లనబోయి మేక అనేది. సత్యవేణి కొన్నిసార్లు నవ్వేది, కొన్నిసార్లు విసుక్కుని వాయించేది. ఇంట్లో ఉన్నప్పుడు సూర్రావు కూడా వచ్చి కూతుళ్ల పక్కన కూర్చునేవాడు. తాళ్లు లాగి లాగి కాయలు కాసిన ఆ చేతులు ఇందుమతి చేతులకన్నా మొద్దువి. రోజులు గడిచే కొద్దీ మాటలు రెండేసి, మూడేసి అతుక్కున్నాయి. నిన్న అనడానికి చెయ్యి భుజం వెనక్కి వెళ్తుందని తెలిసిన రోజు ఆమె అన్నం తినలేకపోయింది.

సత్యవేణి మాత్రం ఇప్పటికీ ఆ కుర్ర డాక్టరునే తిడుతోంది. కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకూ పొట్ట మీద గాటు చూపించి, కళ్లజోడు సర్దుకునే ఆ మనిషిని ఆడి చూపిస్తోంది.

నర్సింగ్ హోములో తను ఆడిన అబద్ధం సంగతి అక్కకు చెప్పేస్తానంది ఇందుమతి. “ఇంకెందుకమ్మా,” అన్నాడు సూర్రావు. “సైగలు మర్చిపోయావని దానికి తెలుసు. అది చాలదా? ఈ రెండో సంగతి దానికి ఎవరూ చెప్పరు. విరిగిన మనసు మళ్లీ విరగ్గొట్టడం దేనికి?”

“మరి ఆ డాక్టరు గారు, నాన్నా?”

సూర్రావు తువ్వాలు భుజాన వేసుకుని రేవుకు బయల్దేరాడు.

చెప్పడానికి ఇందుమతికి ఒక్క మాటే తక్కువైంది. అబద్ధం. సూదిలా చూపించి, పేరేంటి అని అడిగేది కాదది. ఎన్నో విధాల ప్రయత్నించింది. తల ఊపి, వెంటనే అడ్డంగా తిప్పింది. అక్కకు అర్థం కాలేదు. ఒకరోజు వంటింట్లో సత్యవేణి చూస్తుండగానే బెల్లం ముక్క నోట్లో వేసుకుని, బుగ్గ ఉబ్బి ఉండగానే తినలేదన్నట్టు చేతులు చూపించి, మరి దీన్ని ఏమంటారు, అని గడ్డం ఎగరేసింది. సత్యవేణి పగలబడి నవ్వింది. పిడికిలి గడ్డం కింద పెట్టి, బొటనవేలు బయటికి చాచి, పక్కకు గీసినట్టు లాగింది. చిన్నప్పుడు ఎన్ని వందలసార్లు నీకు ఈ మాట అన్నానో, అన్నట్టు ఆ నవ్వు.

ఇందుమతి నవ్వలేదు. అక్క ఎదురుగా కూర్చుంది. చేతులు ఒకసారి ఒళ్లో తుడుచుకుంది.

డాక్టరు, అని మొదలుపెట్టింది. డాక్టరు మంచి. నువ్వు చెప్పావు, నొప్పి, రెండు రోజులు, వెనక. నాకు మాట లేదు. నేను డాక్టరుకి చెప్పాను, రోజు ఒకటి. నేను.

పిడికిలి గడ్డం కింద పెట్టి పక్కకు లాగింది.

సత్యవేణి ముఖంలో నవ్వు అలాగే కొంచెంసేపు మిగిలి, వెలిసిపోయింది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీది గాటు దగ్గరికి వెళ్లింది. చెల్లెల్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. కొడుతుందనుకుంది ఇందుమతి. కొట్టాలని కోరుకుంది. వీధిలో ఎవరో కూరగాయలు అమ్ముకుంటూ అరుస్తూ వెళ్లారు.

సత్యవేణి ముందుకు వంగింది. ఇందుమతి మణికట్టు గట్టిగా పట్టుకుని, ఆ చేతిని మళ్లీ గడ్డం కిందికి తెచ్చింది. పిడికిలి లోపల ఇరుక్కుపోయిన బొటనవేలిని తన వేళ్లతో బయటికి లాగి, సరిగ్గా చాచి పెట్టింది. తర్వాత చెయ్యి వదిలేసి, చెమర్చిన కళ్లతో, కరుగ్గా గడ్డం ఎగరేసింది.

మళ్లీ చెప్పు.

ఇందుమతి మళ్లీ చెప్పింది.